ఇల్లూ వాకిలీ: గచ్చు క్రింది సంగతి

పోయిన నెల సంఘం సమావేశంలో ఒక సోదరి మమ్మల్ని ఆపి, "స్నానాలగదికి ఏ రంగు టైల్సు బాగుంటాయండీ?" అని అడిగినది. "రంగు మాట తరువాత. క్రింద ఏమి వేయిస్తున్నారమ్మా?" అన్నాము. ఆమె నవ్వి, "క్రింద ఏముంటుంది, మట్టే గదా!" అన్నది. ఆ మట్టి సంగతే యీ నెల చెప్పదలచుకొన్నాము. ఆ పాఠం మేము ఫీజు కట్టి నేర్చుకొన్నది.

వరోరాలో మా తండ్రిగారు కట్టించిన ఇంట్లో స్నానాలగదికి షాబాదు బండలు వుండేవి. అవి అరిగి, సందులలో పాచి పట్టి, చూపుకు బాగుండలేదు. మూడేండ్ల క్రిందట ఆ బండలమీదనే సిమెంటు పరచి, మెరిసే టైల్సు అతికించినాము. వచ్చినవారందరు బాగున్నదన్నారు. ఒక వానాకాలం గడిచినది. రెండవ వానాకాలంలో తూము దగ్గర మూల క్రుంగి, రెండు టైల్సు కదలసాగినవి. కాలితో తట్టితే డొల్ల శబ్దం. "ఆదివారం చూద్దాము" అనుకొంటూ మూడు ఆదివారాలు గడిపినాము. శ్రావణంలో ఒక ఉదయం మా అమ్మగారు ఆ కదిలే టైలుమీదనే కాలు వేసి పడినారు. మణికట్టు విరిగినది. డెబ్బది నాలుగేండ్ల మనిషి ఆరు వారాలు కట్టుతో కూర్చున్నారు. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధగా తోచినది.

అప్పుడు గచ్చు పగులగొట్టించినాము. బండల క్రింద జానెడు ఇసుక, దాని క్రింద తడిసి ముద్దయిన నల్లరేగడి. గోడలోని పైపు కీలు దగ్గర నీరు ఎన్నాళ్లనుండి కారుతున్నదో, అంతా ఆ మట్టిలోకే దిగినది.

మన ప్రాంతపు నల్లరేగడి పత్తికి తల్లి, గచ్చుకు పగ. అందులోని సన్నని బంకమట్టి నీరు త్రాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొని నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో మన చేలలో కాలు దిగే నెర్రెలు ఎవరు చూడలేదు? గది అంతా ఒకేలాగ లేచి ఒకేలాగ దిగినా కొంత నయమే. కాని నీరు కారిన మూల ఒక తీరు, పొడిగానున్న మూల ఒక తీరు. పైన ఎంత ఖరీదు టైలు వున్నా పగులక తప్పదు.

మేస్త్రీ మళ్లీ ఇసుకే పోయిద్దామన్నాడు. వద్దన్నాము. ఇసుక నీటిని ఆపదు. దిగిన నీటిని తనలో నిలువ చేసుకొని క్రింది రేగడికి తీరికగా త్రాపుతుంది. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్.కె. కట్టిగారు యీ రేగడిమీదనే పరిశోధన చేసి, ఉబ్బని స్వభావమూ కొంచెం బంకా కల మట్టిని దట్టంగా అణచి పైన పొరగా వేస్తే ఉబ్బు అదుపులో వుంటుందని చూపినారు. కాలువల కట్టడంలో ఆ పద్ధతి వాడుకలోకి వచ్చినది. మన వాడుకలో చెప్పవలెనంటే, కొంచెం బంక కల మంచి మొరం.

మేము చేయించినది యిది. ముందు పైపు బాగుచేయించి, తరువాత రెండడుగుల రేగడి తీయించినాము. గోడ పునాది అడుగుకంటె లోతుకు పోరాదు, గోడకే మోసం. మొరం ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, ఒక్కొక్క పొర తడిపి దిమ్మిస కొట్టించినాము. దానిపైన ఒకటి, నాలుగు, ఎనిమిది పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర కలిపి నాలుగంగుళాల కాంక్రీటు. వారం రోజులు తడి ఆరనీయలేదు. ఆ పైన నీరు దిగని పూత, గోడలమీదికి అడుగు ఎత్తు వరకు. తూమువైపు అడుగుకు పావు అంగుళం వాలు. టైల్సు వేయకముందు తూము మూసి ఒక పగలూ రాత్రీ నీరు నిలిపి చూచినాము. అప్పుడు గరుకు టైల్సు.

ఒక పూట దిమ్మిస కొట్టకుండానే పొర వేయబోతూ మేస్త్రీ, "ఖాలీ కోణ్ పాహతే, సాహెబ్?" అన్నాడు. క్రింద ఎవరు చూస్తారని! మేము మా అమ్మగారి చేయి చూపించినాము. మరి మాట లేకుండా దిమ్మిస ఎత్తుకొన్నాడు.

మేడమీద స్నానాలగది కట్టుకొనేవారికి ఒక మనవి. అక్కడ మట్టి భయం లేదు, నీటి భయమే. పల్లపు స్లాబుకు ముందు నీరు దిగని పూత, ఆపైన ఇటుక ముక్కల కోబా వేయించండి. మనది బొగ్గు సీమ. వరోరా గని 1871లో తెరిచి 1906లో మూసినా, చుట్టుప్రక్కల గనులు నేటికీ వున్నవి. చవక అని బొగ్గు చిట్టెము నింపవద్దు. తడి తగిలితే అందులోని గంధకం లోపలి యినుమును తింటుంది.

అమెరికాలోని మా మేనల్లుడు ఫోనులో, "మామయ్యా, మాకు ప్లైవుడ్డుమీద సిమెంటు బోర్డు పరచి టైల్సు వేస్తారు" అన్నాడు. అక్కడి యిండ్లు చెక్క దూలాలమీద నిలుస్తాయి. చెక్క తడికి ఉబ్బుతుంది, కనుక నడుమ బోర్డు. వారి చెక్కకు వారి మందు, మన రేగడికి మన మందు.

గుమాస్తా అలవాటు చొప్పున లెక్క వ్రాసి చూచుకొన్నాము. ఖర్చులో మూడింట రెండు పాళ్లు కంటికి కనబడని పనికే పోయినది. ఆ లెక్క వినిపిస్తే అమ్మగారు, "మీ నాన్న కూడా చేయించేవారేరా. ఎన్నాళ్లుంటాము యిక్కడ, రిటైరవగానే మన వూరు పోతాము గదా అని ఇసుక పోయించినారు" అన్నారు. రిటైరయిన తరువాత ఆయన పదునెనిమిదేండ్లు యీ ఇంట్లోనే వుండి, యీ వూళ్లోనే కన్నుమూసినారు. మనలో అట్లా పోయించిన ఇసుక ఎన్ని యిండ్లలో వున్నదో!

ఆ సోదరికి మా జవాబు: మొరం బండి దిగిన తరువాత రంగు ఎంచుకోండి. గచ్చు డొల్లగా మ్రోగుతూ వుంటే మాత్రం వచ్చే ఆదివారం దాకా ఆగవద్దు.