ఆ అయిదు రోజుల తర్వాత

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో ఒకటో ఆర్మర్డ్ డివిజన్ షోలాపూర్ వైపునుంచి నిజాం రాజ్యంలోకి దిగింది. బెజవాడ వైపునుంచి మేజర్ జనరల్ రుద్ర దళాలు మునగాల, సూర్యాపేటల మీదుగా కదిలాయి. 17వ తేదీ సాయంత్రానికి నిజాం చేతులెత్తేశాడు. సైన్యం చరిత్రలో ఇది అయిదు రోజుల యుద్ధం. ఢిల్లీ మాత్రం దాన్ని పోలీసు చర్య అంది. ట్యాంకులతో వచ్చే పోలీసులను అంతకుముందు మనవాళ్లెవరూ చూసి ఉండరు.

అప్పటి జనగామ తాలూకాలోని బైరాన్‌పల్లికి ఆ డివిజన్ ఆలస్యంగా వచ్చినట్టే లెక్క. ఆగస్టు 27నే రజాకార్లు ఊరిమీద పడి పదుల సంఖ్యలో జనాన్ని చంపారు. ఊరివాళ్లు ఎక్కి పోరాడిన బురుజు ఇప్పటికీ ఉంది.

ఈ సంచికను మేం 17తో ఆపలేదు. రజాకార్ల పీడ వదిలిందని సంబరపడ్డ ఊళ్లలోనే మిలిట్రీ క్యాంపులు వెలిశాయి. తుపాకులు కమ్యూనిస్టుల నాయకత్వంలోని సంఘం దళాల వైపు తిరిగాయి. దళాలు మానుకోట దాటి గోదావరి అడవుల్లోకి, ఇప్పటి భూపాలపల్లి వైపుకీ జరిగాయి. కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపుల దగ్గరికి చేర్చారు. సాయుధ పోరాట విరమణ ప్రకటన వచ్చింది 1951 అక్టోబరులో.

అయిదు రోజుల మీద పుస్తకాలు బోలెడు. ఈ మూడేళ్లకే ఎక్కువ పేజీలిచ్చాం. ముందు గూడేల వ్యాసం చదవండి.