పిల్లవాని చెవులు ఎవరివి?

బడి హాజరుపట్టీలో పిల్లవానికి ఒక పేరుండును. ఆటస్థలమున మరియొక పేరుండును. మొదటిది తల్లిదండ్రులు పెట్టినది, రెండవది తోడిపిల్లలు పెట్టినది. మొదటిదానిని ఉపాధ్యాయుడు దినమునకు ఒక్కమారు పిలుచును; రెండవది దినమంతయు వినబడుచునే యుండును. తలకు అంటియుండక ఇరుప్రక్కలకు విచ్చుకొనియున్న చెవులు గల బాలునకు ఆ రెండవ పేరు ఏమగునో తెలుగునాట ఎవరికిని చెప్పనక్కరలేదు. దొప్పచెవులు, చేటచెవులు అను మాటలు మన భాషలో ఎంత పాతవో వాని వెనుకనున్న నవ్వును అంత పాతది. వినాయకచవితినాడు శూర్పకర్ణుడని చేతులెత్తి మ్రొక్కి, చెట్టుచెట్టునకు తిరిగి పత్రి కోసి తెచ్చిన పిల్లలే మరునాడు ప్రక్కవాని చెవులను జూచి నవ్వుదురు. దేవునికి తగినది మనిషికి తగకపోవుట వింతయే.

కదిరి నుండి మదనపల్లెకు పోవు దారిలో తనకల్లు ఉన్నది. 2022లో జిల్లాలు విడిపోవువరకు అది అనంతపురం జిల్లాలోనిది. ఆ యేట శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినది గాని వాన మారలేదు. ఏటికి ఐదారువందల మిల్లీమీటర్లు కురిసిన అదియే మంచి యేడు అనుకొను మెట్ట అది. వేరుశనగ చేతికి వచ్చిన అప్పు తీరును, రాకున్న వలస తప్పదు. ఇట్టి ఊరిలో దొప్పచెవుల బాలుని గూర్చిన ఆలోచన ఒకప్పుడు ఒక్క నిట్టూర్పుతో ముగిసెడిది. ఇప్పుడట్లు ముగియదు. చెవులను వెనుకకు ఒత్తి కుట్టు శస్త్రచికిత్స యొకటి కలదని, బెంగుళూరులో చేయుదురని, తల్లి చేతిలోని ఫోనే చెప్పుచున్నది. తల్లి చేయింతమనును, తండ్రి ఖర్చెంతయని యడుగును, అవ్వ మాత్రము “అట్లాంటి చెవులుంటే అదృష్టం లేమ్మా, గాంధీతాతకు లేవా ఏంది?” అని కోడలిని ఊరడించును. ముగ్గురి మాటలందును కొంత న్యాయము కలదు. నాలుగవవాడు, అనగా చెవులు ఎవరివో ఆ బాలుడు, గడపలో కూర్చుండి వినుచుండును. వానినెవ్వరు నడుగరు.

ముందుగా ఆ చెవులలోని లోపమేమో తెలియవలెను. వినికిడికిని దానికిని సంబంధము లేదు. శస్త్రము చేయించిన వినికిడి పెరగదు, చేయింపకున్న తగ్గదు. బయటి చెవి మృదులాస్థితో ఏర్పడినది. దాని వెలుపలి అంచునకు లోపలగా మరియొక మడత యుండును. గర్భమున ఆ మడత సరిగా పడకున్నను, చెవిరంధ్రము చుట్టునున్న గిన్నె వంటి భాగము మిక్కిలి లోతైనను, చెవి తలను విడిచి ముందునకు నిలుచును. ఇది రోగము గాదు. తండ్రికో తాతకో ఉన్నదే తరచుగా బిడ్డకు వచ్చును. వైద్యుడు చెవి వెనుక చర్మమును కోసి, మృదులాస్థిని మడచి, లోపల కుట్లు వేసి, దానిని తలకు దగ్గరగా నిలుపును. మచ్చ చెవి చాటున మరుగుపడును. మూడవయేటికే చెవి తన తుది పరిమాణములో నూటికి 85 పాళ్లు పెరుగును గనుక 5, 6 ఏండ్లు దాటిన పిమ్మట ఈ శస్త్రము చేయుట వాడుక. ఆ వయసే పిల్లలు తమ రూపమును ఇతరుల రూపముతో పోల్చుకొన మొదలిడు వయసు కూడ.

ఇంతవరకు వినుట సులభము. రక్తము గూడుకట్టుట, చీము పట్టుట, కుట్లు సడలి చెవి మరల మునుపటి వలె నిలుచుట, రెండు చెవులు ఒకే తీరున రాకుండుట – ఇవన్నియు అరుదైనను ఉన్నవే. వీనికి తోడు, గోధుమ, నలుపు వన్నెల చర్మములపై మచ్చ ఉబ్బి గట్టిపడి పెరుగు కీలాయిడ్ బెడద తెల్లవారి కన్న ఎక్కువ. ఇంటిలో ఎవరికైనను చెవులు కుట్టించిన చోట కాయ కట్టియున్నచో ఆ మాట వైద్యునికి చెప్పక దాచరాదు. అందమునకై పోయి వికారమును కొనితెచ్చుకొన్నట్లగును.

చెవిని కత్తితో సరిచేయుట పడమటివారు నేర్పిన విద్య యని కొందరందురు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదునారవ అధ్యాయము చెవులు కుట్టుట, తెగిన తమ్మెలను అతుకుట గూర్చినదే. అతుకు విధానములు 15 అందు చెప్పబడినవి. బరువైన నగలు మోసి మోసి సాగి తెగిన తమ్మెలకు వైద్యము కావలసివచ్చినది. అనగా మన దేశమున చెవి శస్త్రము పుట్టినదే అలంకారము మూలమున. ఆరవ నెలనో ఏడవ నెలనో బిడ్డకు చెవులు కుట్టవలెనని, అది రక్షకును భూషణమునకును అని, ఆ గ్రంథమే చెప్పినది. కాబట్టి “దేవుడిచ్చిన చెవిపై కత్తి పెట్టరాద”ను వాదము మన నోట అంతగా పొసగదు. ఏడు నెలల పసికందును తాత ఒడిలో కూర్చుండబెట్టి, వాని యేడ్పు వినబడకుండ మేళము వాయించి, చెవిలో బంగారుతీగె దూర్చినవారము ఆ మాట అనజాలము.

దొప్పచెవులకు నేటి తీరు శస్త్రము మాత్రము 1881లో న్యూయార్కులో ఎడ్వర్డ్ ఈలీ అను వైద్యుడు పన్నెండేండ్ల బాలునకు చేసినదని వైద్యచరిత్రకారులు వ్రాయుదురు. లోపము మడతలో నున్నదని 1910లో లకెట్ అను నాతడు కనిపెట్టెను. 1963లో ముస్టార్డే వేసి చూపిన కుట్టు నేటికిని వాడుకలో నున్నది. తొలి రోగి బడియీడు బాలుడగుట గమనింపదగినది. ఈ వైద్యము మొదటినుండియు బడి నీడలోనే పెరిగినది.

అందమునకై చేయు శస్త్రమంతయు డాంబికమేనా? దీనికి సమాధానము తనకల్లు నుండి ఒక పగటి ప్రయాణములోనే దొరకును. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో 1940 దశకపు చివర పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను శస్త్రముతో సరిచేయ మొదలిడెను. రోగము పోయినది, చేయి పనికి వచ్చినది. అయినను వారికి పని ఇచ్చువారు లేకపోయిరి. ముఖముపై కూలిన ముక్కు, ఊడిన కనుబొమలు వారి పాత కథను దారిన పోవువారికెల్ల చెప్పుచుండెను. అప్పుడు వైద్యులు ముక్కును, కనుబొమలను కూడ దిద్దవలసివచ్చెను. కనుబొమ లేకున్న మనిషి చావడు. కాని సంతలో నిలుచుటకు, కూలికి పోవుటకు, పెండ్లిపందిట కూర్చుండుటకు ముఖము కావలెను. దొప్పచెవులను కుష్ఠుతో పోల్చుట ఇక్కడ ఉద్దేశము గాదు. లోకపు చూపు కూడ ఒక బాధయేయని, దానికి వైద్యము కోరుట సిగ్గుపడవలసిన పని గాదని మాత్రమే.

దీనికి ఎదురు వాదమును తేలికగా త్రోసివేయరాదు. 2012లో అమెరికాలో, తోటివారి వేధింపులకు లోనైన ఒక బడిపిల్లకు ఒక ధర్మసంస్థ ఉచితముగా చెవులు సరిచేయించగా అక్కడి పత్రికలలో పెద్ద చర్చ జరిగినది. నవ్వినవాని నోరు మూయింపక నవ్వులపాలైనదాని ముఖమును కోయుట ఏమి న్యాయమని కొందరడిగిరి. మంచి ప్రశ్నయే. చెవులు దిద్దిన పిమ్మట నవ్వువారు నల్లరంగును, నత్తిని, చిరుగుచొక్కాను వెదకుకొందురు. వారికి సరకు తక్కువ గాదు. అయినను ఆ న్యాయము గెలుచువరకు తొమ్మిదేండ్ల పసివాడు ప్రతిదినము అవమానము భరించుచు సంఘసంస్కరణకు పెట్టుబడి కావలెననుట కూడ క్రూరమే. సంస్కరణ పెద్దల పని.

కావున చేయింపవచ్చునా కూడదా అను ప్రశ్న కన్న, ఎవరు కోరుచున్నారు అను ప్రశ్న ముఖ్యము. భారత శిక్షాస్మృతి 89వ సెక్షను నాటినుండి, 2024 జూలైలో అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 27వ సెక్షను వరకు, పన్నెండేండ్ల లోపు బిడ్డకు మేలెంచి చేయు పనికి సంరక్షకుని సమ్మతి చాలుననియే చట్టము చెప్పుచున్నది. కాని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికను మన దేశము 1992లో అంగీకరించినది. తనకు సంబంధించిన విషయమున బిడ్డ మాట వినవలెనని, వయసునకు తగిన విలువ దానికి ఇయ్యవలెనని అందులోని పండ్రెండవ అధికరణము. ప్రాణాపాయమైన జబ్బున బిడ్డ వద్దన్నను తల్లి సూది వేయించును, అది సరియే. ఇక్కడ ప్రాణము లేదు, జ్వరము లేదు, తొందర లేదు. ఈ శస్త్రమునకు గడువు దాటిపోవుట యనునది లేదు. పదునైదేండ్లకును చేయవచ్చును, ముప్పదికిని చేయవచ్చును. పైగా చిన్నపిల్లలకు పూర్తి మత్తు ఇయ్యవలసియుండగా, కాస్త ఎదిగినవానికి చెవి వరకే మొద్దుబారజేసి చేయుట సాధ్యము. అందుచేత కోరిక తల్లిదైనప్పుడు ఆగుట మేలు. కోరిక బిడ్డదైనప్పుడు, అది నాలుగు దినముల అలుక గాక నాలుగు నెలలు నిలిచిన కోరికయైనప్పుడు, అడ్డుపడకుండుట మేలు. తన కుండలములను తానే కోసి యిచ్చినందుననే కర్ణునికి కీర్తి వచ్చినది. మరియొకరు కోసిన అది కథ కాకపోయెడిది.

ఆడపిల్లల విషయమున ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసియున్నది. మగపిల్లవాని చెవులు బడి కొరకు దిద్దబడును. ఆడపిల్లవి పెండ్లిచూపుల కొరకు. చూడవచ్చువారు కట్నముతో పాటు చెవుల కొలతను కూడ లెక్కించుకొందురను భయముతో ఏడేండ్ల పిల్లను కత్తికి అప్పగించుట మేలెంచుట కాదు, బేరమునకు సిద్ధము చేయుట. జడతో చెవులు కప్పుకొని ఆ పిల్ల హాయిగా నున్నచో దానిని అట్లే యుండనిండు.

కత్తియే లేని మార్గమొకటి కలదు. తెలియవలసినవారికే అది తెలియదు. పుట్టిన తొలి వారములలో శిశువు చెవి, తల్లినుండి వచ్చిన హార్మోను ప్రభావమున, మైనము వలె మెత్తగా నుండును. ఆ దినములలో మెత్తని అచ్చు పెట్టి పట్టీతో బంధించి ఉంచిన, కొన్ని వారములకు ఆ మడత దానంతట అదే నిలుచును. 1980 దశకమున జపానులో మత్సువో మొదలగు వైద్యులు దీనిని నిరూపించిరి. నెలలు గడిచిన కొలది ఈ అవకాశము చేజారిపోవును. స్నానము చేయించిన పిమ్మట పసిబిడ్డ తలను, ముక్కును నూనెచేతితో ఒత్తి తీర్చు మన ముసలమ్మలకు బాల్యమున దేహము వంగునను జ్ఞానము ఎన్నడో కలదు. ప్రసవమైన ఆసుపత్రిలో నర్సమ్మ చెవులను ఒక్కసారి చూచి, ఒక్కమాట చెప్పిన, తొమ్మిదేండ్ల తరువాత బెంగుళూరు బస్సు ఎక్కనక్కరలేదు. పట్టీని మాత్రము వైద్యుడే కట్టవలెను; ఇంటిలో జిగురుతో అంటించిన పసిచర్మము ఊడివచ్చును.

ఇక బడి సంగతి. చెవులకును మన బడికిని ఉన్న చుట్టరికము ఇంతయని చెప్పరాదు. ఎక్కము తప్పిన చెవి, వల్లె వేయకున్న చెవి, ప్రక్కవానితో మాటాడిన చెవి – తప్పు నోటిదైనను శిక్ష చెవిది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను శరీరశిక్షను మాత్రమే గాక మానసిక వేధింపును కూడ నిషేధించినది. మెలిపెట్టుట మొదటిదియైన, “ఏమిరా చేటచెవులూ, అంత పెద్ద చెవులున్నా పాఠం వినబడలేదా?” అనుట రెండవది. ఉపాధ్యాయుడు ఆ మాట కోపముతో అనడు, సరసముగా అనును. తరగతి అంతయు నవ్వును. పాఠము రక్తి కట్టినట్లుండును. ఆ దినమునుండి ఆ పేరునకు రాజముద్ర పడినట్లే. పిల్లలు తమలో తాము పెట్టుకొన్న పేరు ఏడాదిలో వాడిపోవచ్చును. అయ్యవారు పెట్టినది పదవతరగతి వరకు వెంబడించును. ఎన్ని ఇండ్లలో ఈ శస్త్రపు ఆలోచన ఆట స్థలమున గాక తరగతిగదిలోనే మొలకెత్తినదో ఉపాధ్యాయులే తలపోసికొనవచ్చును.

తనకల్లునకు చేరువనే, కదిరి ప్రాంతపు కటారుపల్లెలో, వేమన సమాధి యున్నది. పైరూపు వేరు, లోని రుచి వేరని ఆయన చెప్పిన పద్యమును ఆ సీమ పిల్లలు రెండవ తరగతిలోనే అప్పగింతురు. అప్పగించి, గంట కొట్టగానే బయటికి వచ్చి, దొప్పచెవులవానిని తరుముదురు. పద్యమునందు తప్పు లేదు. దానిని మార్కులకు అప్పగించుకొన్నవారము, తప్పు మన వద్ద నున్నది. ఏడ్చుచు వచ్చిన బాలునకు ఆ పద్యమునే మరల వినిపించి పొమ్మనుట మాత్రము ఓదార్పు కాజాలదు. వానికి అది ముందే వచ్చును.

అన్నియు తలచి, బాలుడే కోరి, వైద్యుడు సరేయన్నచో మిగులునది కాలనిర్ణయము. పట్టణపువారు వేసవి సెలవులను ఎన్నుకొందురు. ఆ మెట్టనేలలో ఏప్రిలు, మే నెలల యెండకు తలచుట్టు కట్టుతో కూర్చుండుట నరకము. చెమటకు కుట్లు చెడునను భయము వేరే. వేరుశనగ కాయ అక్టోబరు, నవంబరులలో ఇల్లు చేరును. ఆ యేడు పండినచో ఖర్చునకు చేతిలో నాలుగు రూకలుండును, వడ్డీకి తేనక్కరలేదు. సంక్రాంతి సెలవులకు శస్త్రము పెట్టుకొన్న, మొదటి కట్టు విప్పిన పిమ్మట రాత్రులందు కొన్ని వారములు పట్టీ కట్టుకొనవలసి వచ్చినను ఇబ్బంది యుండదు. ఆ చలిలో తువ్వాలో మఫ్లరో చెవుల మీదుగా చుట్టుకొనని తల తనకల్లులో కనబడదు.