పొల్లు మీట

నలభై దాటిన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టక మానదంటారు. కొందరు గులాబీలు పెంచుతారు. కొందరు చతుర్ముఖ పారాయణం చేస్తారు. నేను కంప్యూటరుకు కీబోర్డు తయారుచేశాను. బజారులో దొరకదా అంటారేమో, ఎందుకు దొరకదూ! కాని డిగ్రీ చదివే రోజుల్లో టైపు లోయరు ప్యాసైన వేళ్ళివి. ఇప్పటి మెత్తటి మీటలు వీటికి ఆనవు.

"మనమే చేద్దాం నాన్నా" అంది మా అమ్మాయి. ఇంజనీరింగు మొదటి ఏడు చదువుతోంది. మూడు ఆదివారాలు కరిగిపోయాయి. మొత్తం 61 మీటలు. మీట కింద స్ప్రింగున్న స్విచ్చి. మీటకూ మీటకూ ముప్పాతిక అంగుళం ఎడం. అన్నిటికీ విడివిడిగా తీగలు లాగితే కొంప కొల్లేరే! అందుకని 5 అడ్డవరుసలు, 14 నిలువు వరుసలు కట్టాము. 19 తీగలతో సరిపోయింది. స్విచ్చికొక డయోడు చొప్పున అతకాలి. కరెంటును ఒకవైపే పోనిచ్చే ద్వారపాలకుడది. అది లేకపోతే మూడు మీటలు కలిసి పడ్డప్పుడు, నొక్కని నాలుగోది కూడా ఒక్కొక్కసారి పలుకుతుంది.

టంకం పని నాది. లెక్కల పని అమ్మాయిది. ఇల్లంతా పొగ కంపని సణగడం మా ఆవిడది.

తెలుగుకు 1991 నాటి భారతీయ ప్రమాణంలోని ఇన్‌స్క్రిప్ట్ వరస పెట్టుకున్నాను. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. శుభమా అని మొదట 'శ్రీ' కొట్టాను. 'శరీ' అని పడింది! మళ్ళీ కొట్టాను. మళ్ళీ 'శరీ'.

"ఏ మీట పలకలేదు?" అంది అమ్మాయి.

"పొల్లు."

"అంటే?"

నా నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లలకు తెలుగు చెబుతున్నవాణ్ణి. మా అమ్మాయికి బడిలో హిందీ. ఇంటర్మీడియట్‌లో మార్కులొస్తాయని దరఖాస్తులో 'సంస్కృతం' అని నింపింది ఎవరనుకున్నారు? నేనే. నా కలంతోనే.

చెప్పాను. 'క'లో అకారం దాగి ఉంటుంది. పొల్లు దాన్ని తీసేస్తుంది. అప్పుడే పక్క హల్లు వత్తై వచ్చి అతుక్కుంటుంది.

"అయితే మీ అక్షరాలకు అది టంకమన్నమాట!" అంది.

పోలిక బాగానే ఉంది. 'మీ' అన్న మాటే గుచ్చుకుంది.

కీబోర్డు బోర్లించి చూసింది. ఆ ఒక్క డయోడునూ నేను తిరగేసి అతికాను. నల్లగీత అటుండవలసింది ఇటుంది. ఊడదీసి, తిప్పి పెట్టింది. ఈసారి తనే కూర్చుని, నేను గీసిచ్చిన పటం చూసుకుంటూ, ఒక్కొక్క మీటే వెతికి 'నాన్న' అని కొట్టింది.

"ఏం, 'అమ్మ'కు మాత్రం పొల్లు అక్కర్లేదూ?" అని వంటింట్లోంచి కేక.

అదీ కొట్టింది. ఇప్పుడు రోజుకొక మాట కొడుతోంది. తప్పులు పడుతున్నాయి. నేను దిద్దడం లేదు, అడిగితే చెబుతున్నాను.

మొన్న కాలేజీలో ఒక తండ్రి దరఖాస్తు పట్టుకొచ్చి, "మాస్టారూ, తెలుగు రాయమంటారా, సంస్కృతమా?" అని అడిగాడు. ఏమని చెప్పను? కూర్చోబెట్టి ఈ పొల్లు మీట కథ చెప్పి, కలం ఆయన చేతికే ఇచ్చాను.