పరిచయమే పెట్టుబడి: లాలాపేట్ నుంచి తార్నాక దాకా ఉద్దెర, ఉద్యోగం, సిఫారసు

“తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?” లాలాపేట్‌లో అద్దె ఇల్లు వెతికినా, తార్నాకలో సేల్స్‌మన్ పని అడిగినా ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే. డిగ్రీ, అనుభవం, అడ్వాన్సు గురించి మాట్లాడేది ఆ తర్వాతే. దీన్నే ఇంట్లో జాన్ పెహచాన్ అంటాం, బజారులో భరోసా అంటారు, ఆఫీసులో రిఫరెన్స్ అంటారు. పేర్లు వేరైనా అన్నిటి పని ఒకటే. ఎవరిని నమ్మాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి అన్నది తేల్చడం.

బీకాం, ఎంబీఏ చేసి కూడా ఇంటర్వ్యూ పిలుపు రాని పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. లోపమంతా వాళ్ల చదువులోనే ఉందనుకోవడం తొందరపాటు అవుతుంది. కష్టంలో ఆదుకునే బంధాలు మన దగ్గర గట్టిగానే ఉన్నాయి. ఆసుపత్రి బిల్లుకైనా, పెళ్లి ఖర్చుకైనా పది చేతులు ముందుకొస్తాయి. కానీ మంచి ఉద్యోగం ఖాళీగా ఉందన్న కబురు తెచ్చే పరిచయాలు తక్కువ. అసలు సమస్య ఇక్కడ మొదలవుతుంది.

వర్క్‌షాప్ పక్కన యూనివర్సిటీ

లాలాపేట్ ఉన్న చోటు చూస్తే అవకాశాలకు కొదవ లేదనిపిస్తుంది. ఒకవైపు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కాలంలో, 1893లో మొదలైన లాలాగూడ వర్క్‌షాప్ ఉంది. లాలాపేట్‌లోనే విజయ డెయిరీ ఉంది. తార్నాకకు వెళ్తే ఆర్టీసీ ఆసుపత్రి, జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తాయి. వాటిని ఆనుకునే 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీ. ఉర్దూలో ఉన్నత విద్య బోధించి దేశమంతటా పేరు తెచ్చుకున్న క్యాంపస్ అది. 2017 నవంబరు నుంచి తార్నాకకు మెట్రో కూడా నడుస్తోంది.

అయితే దగ్గరగా ఉన్నంత మాత్రాన తలుపు తెరుచుకోదు. రైల్వేనే తీసుకోండి. భద్రతకు సంబంధించిన కొన్ని కేటగిరీల ఉద్యోగి ముందే రిటైరైతే, అర్హత ఉన్న కొడుక్కో కూతురికో ఉద్యోగం ఇచ్చే పథకం 2004లో వచ్చింది. తర్వాత దాన్ని లార్స్‌జెస్ అని పిలిచారు. ఉద్యోగాన్ని ఇలా వారసత్వంగా ఇవ్వడం సమాన అవకాశాలకు విరుద్ధమని పంజాబ్-హర్యానా హైకోర్టు తప్పుపట్టింది. 2018లో రైల్వే ఆ పథకాన్ని ఎత్తేసింది.

ఈ కథలో రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది. ముప్పై ఏళ్లు చెమటోడ్చిన తండ్రికి తన కొడుకు అదే షాపులో పని నేర్చుకోవాలని ఉండటం సహజం. బయట నిలబడి దరఖాస్తు పట్టుకున్న కుర్రాడి సంగతేంటి? ఆ కుటుంబంలో పుట్టలేదన్న ఒక్క కారణంతో అతనికి దారి మూసుకుపోతుంది. ప్రభుత్వ సంస్థలో జరిగితే దాన్ని కోర్టు ఆపింది. ప్రైవేటు కంపెనీలో ఇదే ‘మనవాళ్ల అబ్బాయి’ పేరుతో రోజూ జరుగుతుంది. అడిగేవాళ్లు ఉండరు.

బ్యాంకుకు కనబడని ఖాతా

బజారులో ఈ భరోసా ఎలా పనిచేస్తుందో కిరాణా దుకాణం ఉద్దెర ఖాతా చూస్తే తెలుస్తుంది. ఎవరి జీతం ఏ తారీఖున వస్తుంది, ఎవరింట్లో పెళ్లి ఉంది, ఎవరి పని పోయింది అన్నీ దుకాణదారుకు తెలుసు. పూచీ అడగకుండానే నెలంతా సరుకు ఇస్తాడు. రంజాన్‌లో ఖాతా కాస్త పెరుగుతుంది, ఈద్ తర్వాత మెల్లగా తగ్గుతుంది. బాకీ ఉన్నవాడు ధర రెండు రూపాయలు ఎక్కువైనా మరో దుకాణానికి పోలేడు. ఉద్దెర సాయమూ అవుతుంది, కట్టుబాటూ అవుతుంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, చాలా లెక్కలు నోటి మాట మీదే నడుస్తాయి. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, అంటే అల్‌బఖరా 282, అప్పును రాసుకోవాలని, సాక్షుల్ని పెట్టుకోవాలని చెప్పేదే. అయినా “మనవాళ్ల మధ్య రాతకోతలు ఎందుకు” అని మొహమాటపడతాం. చివరికి డబ్బుతోపాటు దోస్తీ కూడా పోతుంది. రాసుకోవడం అంటే నమ్మకం లేకపోవడం కాదు. ఆ నమ్మకాన్ని కాపాడుకోవడమే.

రెండో చిక్కు, ఈ ఖాతా బ్యాంకుకు కనబడదు. ఇరవై ఏళ్లుగా హోల్‌సేల్ వ్యాపారికి ఒక్క రూపాయి ఎగ్గొట్టని చిన్న దుకాణదారుకు కూడా సిబిల్ స్కోరు ఉండకపోవచ్చు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలకు బ్యాంకుతో సంబంధం ఇంకా తక్కువ. అవసరం పడితే బైతుల్ మాల్ దగ్గరికో, బావమరిది దగ్గరికో వెళ్తారు. అక్కడా మళ్లీ పరిచయమే కావాలి. సొంత పని మీద బతికేవాళ్లు మనలో ఎక్కువ కాబట్టి దీని దెబ్బ చిన్నదేం కాదు. ముస్లిం కార్మికుల్లో 61 శాతం స్వయం ఉపాధిలో ఉంటే, హిందువుల్లో ఆ వాటా దాదాపు 55 శాతమని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది.

దగ్గరివాళ్లు చెప్పలేని కబురు

ఉద్దెరకు దగ్గరి బంధం పనికొస్తుంది. ఉద్యోగానికి అది చాలదు. దీన్ని ముందుగా లెక్కలతో చూపించినవాడు అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్. బోస్టన్ దగ్గర న్యూటన్ అనే ఊళ్లో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను ఆయన అడిగాడు. పరిచయం ద్వారా పని దొరికినవాళ్లలో, కబురు చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం. ఎప్పుడో గాని కలవనివాళ్లు 27.8 శాతం. ఈ పరిశోధన 1973లో అచ్చయింది. 2022లో లింక్డ్‌ఇన్‌లో దాదాపు రెండు కోట్ల మంది వివరాలతో జరిపిన అధ్యయనం కూడా అటే మొగ్గింది. కొత్త ఉద్యోగానికి చేర్చడంలో మరీ దగ్గరివాళ్ల కన్నా కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్లే ఎక్కువ ఉపయోగపడ్డారని తేలింది.

కారణం పెద్ద రహస్యమేం కాదు. మామూకు, చాచాకు, గల్లీ దోస్తుకు తెలిసిన విషయాలు మనకూ తెలిసే ఉంటాయి. మెకానిక్ షెడ్డు నడిపే మామూ మేనల్లుడికి షెడ్డులో పని ఇప్పించగలడు. హబ్సిగూడలో ఒక కంపెనీకి అకౌంటెంట్ కావాలన్న సంగతి ఆయన దాకా రాదు. ఆ కబురు క్లాసులో రెండు బెంచీల అవతల కూర్చున్న నల్గొండ అబ్బాయికో, ఆర్టికల్‌షిప్‌లో కలిసిన సీనియర్‌కో తెలుస్తుంది. ఉస్మానియా క్యాంపస్ అంటే పట్టా ఇచ్చే చోటు మాత్రమే కాదు. జిల్లా జిల్లా నుంచి, కులం కులం నుంచి వచ్చిన పిల్లలు ఒకే మెస్సులో తిని, ఒకే జిరాక్స్ షాపు ముందు నిలబడే చోటు కూడా. మన పిల్లలు క్లాసు అయిపోగానే నేరుగా ఇంటికి వచ్చేస్తే, ఫీజులో సగం విలువ అక్కడే వదిలేసినట్టు.

పేరు దగ్గరే ఆగే దరఖాస్తు

“పరిచయాలు పెంచుకోండి” అని ఊరికే చెప్పేస్తే సరిపోదు. అవతలివైపు తలుపు ఎలా ఉందో కూడా చూడాలి. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. మొత్తం 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు. 2007లో వచ్చిన ఫలితం ప్రకారం, అగ్రకుల హిందూ పేరుకు పిలుపు వచ్చే అవకాశాన్ని ఒకటిగా తీసుకుంటే దళిత పేరుకు అది 0.67, ముస్లిం పేరుకు 0.33. మహిళల విషయంలో లెడ్ బై ఫౌండేషన్ 2022లో ఇలాంటి పరీక్షే చేసింది. వెయ్యి ఉద్యోగాలకు ఒకే రకం రెజ్యూమెలు వెళ్తే హిందూ పేరుకు 208 సానుకూల స్పందనలు, ముస్లిం పేరుకు 103.

ఇంటర్వ్యూ దాకా వెళ్లినా సంస్కృతి అడ్డం పడొచ్చు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అదే 2007లో 25 పెద్ద కంపెనీల నియామక అధికారులతో మాట్లాడారు. ప్రతిభే ముఖ్యం అంటూనే, ‘కుటుంబ నేపథ్యం’ అడుగుతామని చాలామంది చెప్పారు. నాన్న ఏం చేస్తారన్న ప్రశ్నకు లాలాగూడ వెల్డర్ కొడుకు చెప్పే జవాబుకు, బ్యాంకు మేనేజర్ కొడుకు చెప్పే జవాబుకు ఒకే మార్కులు పడతాయా?

యాప్ వచ్చినా పోని పక్షపాతం

యాప్‌లు వస్తే ఈ పరిచయాల గొడవ ఉండదని అనుకున్నారు. సిఫారసు అక్కర్లేదు, బండి, ఫోను ఉంటే చాలు. నిజంగానే చాలామంది యువకులకు డెలివరీ పని అలా దొరికింది. కానీ 2019 అక్టోబరులో హైదరాబాద్‌లోనే ఒక కస్టమర్, డెలివరీ చేసే వ్యక్తి ముస్లిం అని ఆర్డర్ తీసుకోలేదు. విషయం పోలీసుల దాకా వెళ్లింది. ముస్లిం డెలివరీ బాయ్ వద్దని స్విగ్గీ ఆర్డర్‌లో రాసిన సూచనను 2022లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ బయటపెట్టారు.

రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాల్లో, హోటళ్లలో మతం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని చెబుతుంది. అది లోపలికి వచ్చే కస్టమర్ హక్కు. తలుపు దగ్గర పొట్లం పట్టుకుని నిలబడ్డవాడి గౌరవానికి అంత సూటి రక్షణ కనిపించదు. గిగ్ కార్మికుల కోసం రాజస్థాన్ 2023లో చట్టం చేసింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. సంక్షేమ నిధి ఎంత అన్నదానితోపాటు, మతం పేరుతో ఆర్డర్ రద్దు చేసినప్పుడు కార్మికుడి కమీషన్, రేటింగ్ కోతపడకుండా కాపాడే నిబంధన ఎంత గట్టిగా ఉందో కూడా మన నాయకులు అడగాలి.

ఇంట్లో మొదలుపెట్టదగిన పనులు

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. ఇప్పటికే మంచి ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమ ఆఫీసులో ఖాళీ పడితే ఆ కబురు గల్లీ దాకా తేవాలి. జుమా తర్వాత చందా గురించి చెప్పే మసీదు కమిటీలు, రెండు నిమిషాలు ఖాళీల గురించీ చెప్పొచ్చు. కూతురు సెమినార్‌కో, ఇంటర్న్‌షిప్‌కో వెళ్తానంటే “అక్కడ మనవాళ్లు ఎవరున్నారు” అని ఆపే ముందు, అక్కడికి వెళ్తేనే కదా తెలిసినవాళ్లు తయారయ్యేది అని ఆలోచించాలి. చిన్న వ్యాపారులు యూపీఐ అమ్మకాలు, హోల్‌సేల్ చెల్లింపులు ఒక పద్ధతిలో రాసి పెట్టుకుంటే, రేపు ఎవరి ముందైనా చూపించడానికి కాగితం ఉంటుంది.

ఇంకో మాట కూడా ఉంది. మన దుకాణాల్లో, మన హోటళ్లలో పనికి ఎవరిని పెట్టుకుంటున్నామో మనమూ చూసుకోవాలి. ‘అప్నేవాలే’ అని చుట్టాల అబ్బాయిని తీసుకుని, పని వచ్చిన పక్క బస్తీ దళిత కుర్రాడిని పంపించేస్తే, అవతలివాళ్లను తప్పుపట్టే హక్కు మనకూ తగ్గుతుంది. అన్-నిసా 85వ ఆయత్ మంచి సిఫారసును, చెడు సిఫారసును విడదీసి చూపిస్తుంది. అర్హత ఉన్నవాడి పేరు సరైన చోట చెప్పడం మొదటిది. అర్హత లేనివాడి కోసం ఇంకొకరి చోటు లాక్కోవడం రెండోది. పిల్లల కోసం ఫోన్ చేసే ప్రతిసారీ మనం ఏది చేస్తున్నామో ఒక్క క్షణం ఆగి చూసుకుంటే చాలు.