నాలుగేళ్ల కొలువుతో నైపుణ్యం నిలవదు

భారత సైన్యానికి తిండి, ఇంధనం, మందుగుండు, విడిభాగాలు సమకూర్చే బాధ్యత ప్రధానంగా మూడు కోర్‌లది. రేషన్లు, ఇంధనం, రవాణా ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్‌సీ) చూస్తుంది. ఆయుధాలు, మందుగుండు, దుస్తులు, విడిభాగాల నిల్వ, పంపిణీ ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ (ఏఓసీ) పని. తుపాకీ మొదలు ట్యాంకు దాకా చెడిపోయిన ప్రతిదాన్నీ బాగుచేసి తిరిగి దళానికి అప్పగించేది ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల కోర్ (ఈఎంఈ). నౌకాదళంలో, వాయుసేనలో ఇవే పనులకు సొంత శాఖలున్నాయి. డిపోల్లో, వర్క్‌షాపుల్లో పెద్ద సంఖ్యలో పౌర ఉద్యోగులూ వీరితో కలిసి పనిచేస్తారు. లాజిస్టిక్స్ సిబ్బంది అంటే వీళ్లందరూ.

సరిహద్దులో మోహరింపు పెరిగింది. ఆయుధాల రకాలు పెరిగాయి. వాటిని సాకే పని కూడా అంతకంతకూ పెరుగుతోంది. ఆ పని చేసే మనుషుల తయారీ మాత్రం ఇందుకు ఎదురుదిశలో నడుస్తోంది. శిక్షణ కాలం కుదించుకుపోయింది, కొలువు నాలుగేళ్లకు తగ్గింది. మూడు దళాలకు ఉమ్మడి పాఠ్యక్రమం ఇంకా కుదరలేదు. సరఫరా, సాంకేతిక ట్రేడ్లను అగ్నిపథ్ నియామక పథకం నాలుగేళ్ల చట్రం నుంచి వెలుపలికి తేవాలి. వారి శిక్షణను యుద్ధ సన్నద్ధతలో భాగంగా లెక్కగట్టాలి. ఇందులో తాత్సారం తగదు.

సరఫరా తప్పితే ఏమవుతుందో 1962లోనే దేశం చూసింది. నామ్‌కా చూ లోయకు పంపిన ఏడో బ్రిగేడ్ సైనికులు హిమాలయాల చలిలో నూలు దుస్తులతో, ఒక్కొక్కరు 50 తూటాలతో నిలబడ్డారు. విమానాల నుంచి జారవిడిచిన సామగ్రిలో చాలా భాగం త్సాంగ్‌ధర్ చుట్టూ ఉన్న లోయల్లో పడి చేతికందకుండా పోయింది. అక్టోబరు 20న చైనా దాడి మొదలయ్యేనాటికే ఆ బ్రిగేడ్ సరుకుల్లేక సగం ఓడిపోయి ఉంది. 1971లో పాకిస్థాన్‌తో యుద్ధం నాటికి పరిస్థితి మారింది. అప్పటి సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా సన్నాహాలకు గడువు అడిగి తీసుకున్నారు. త్రిపుర వైపు రోడ్లు, నిల్వలు, ఆస్పత్రులు నెలల ముందే సిద్ధమయ్యాయి. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16వ తేదీకల్లా ముగిసింది. ఆ విజయంలో వ్యూహకర్తలకు ఎంత వాటా ఉందో, నిల్వలు చేర్చిన డ్రైవర్లు, స్టోర్ కీపర్లు, మెకానిక్‌లకూ అంత ఉంది.

ఆ పాఠం తర్వాత నిలవలేదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) నివేదికలు పదేపదే చెప్పాయి. 2016 సెప్టెంబరు నాటికి పరిశీలించిన 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని 2017 నివేదిక తేల్చింది. సియాచిన్ వంటి ఎత్తయిన ప్రాంతాల్లో మంచు కళ్లద్దాలు, బూట్ల కొరత ఉందని 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన మరో నివేదిక ఎత్తిచూపింది. ఇలాంటి లోపాలు బయటపడినప్పుడల్లా చర్చ నిధుల దగ్గర ఆగిపోతుంది. అవసరాన్ని ముందే అంచనా వేసి ఇండెంటు పెట్టడం, వచ్చిన సరుకు నాణ్యత పరీక్షించడం, గడువు తీరేదాన్ని ముందుగా వాడకానికి పంపడం మనుషులు చేసే పనులు. వాటికి తర్ఫీదు లేకపోతే ఎన్ని కోట్లు కేటాయించినా గోదాములో ఉండాల్సింది ఉండదు.

2020 వేసవిలో తూర్పు లద్దాఖ్‌లో చైనాతో ఉద్రిక్తత తలెత్తాక ఈ పని బరువు ఒక్కసారిగా మారింది. సుమారు 50 వేల మంది అదనపు సైనికులను ఆ ఎత్తుల్లో చలికాలం పొడవునా నిలపాల్సి వచ్చింది. వాయుసేన 68 వేల మందికి పైగా సైనికులను, దాదాపు 90 ట్యాంకులను అక్కడికి చేర్చినట్టు ఆ తర్వాత వార్తలొచ్చాయి. చేర్చడం ఒక ఎత్తు, పోషించడం మరో ఎత్తు. జోజిలా, మనాలీ మార్గాలు మంచుకు మూసుకుపోకముందే ఆరు నెలల రేషన్లు, కిరోసిన్, డీజిల్, గుడారాలు, హీటర్లు పైకి చేరాలి. దీన్నే ముందస్తు శీతాకాల నిల్వ అంటారు.

ఆ మార్గంలో లారీ నడిపే సైనికుడి పనిని దగ్గరగా చూస్తే శిక్షణ విలువ అర్థమవుతుంది. లేహ్ 11,500 అడుగుల ఎత్తులో ఉంది. మైదానం నుంచి వచ్చిన మనిషి శరీరం అలవాటు పడేందుకు తొలి దశలో ఆరు రోజులు, 12 వేల అడుగులు దాటాక నాలుగు రోజులు, 15 వేలు దాటాక మరో నాలుగు రోజులు ఆగాలన్నది సైన్యం నియమం. గాలి పలచబడేకొద్దీ ఇంజిన్ బలం తగ్గుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. మామూలు డీజిల్ మైనపులా గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్‌కు తెచ్చింది. ఏ ఇంధనం ఎప్పుడు పోయాలో, రాత్రి బండి ఎలా నిలపాలో, దిగుడులో బ్రేకు మీద కాకుండా గేరు మీద లారీని ఎలా అదుపు చేయాలో పుస్తకం చెప్పదు. రెండు మూడు చలికాలాలు అనుభవజ్ఞుడి పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

మందుగుండు డిపోలో పని ఇంతకంటే సున్నితమైనది. ప్రతి గుండుకూ తయారైన ఏడాది, లాట్ నంబరు ఉంటాయి. ప్రొపెల్లెంట్‌లోని రసాయనాలు వేడికి, తేమకు, కాలానికి క్షీణిస్తాయి కాబట్టి నిర్ణీత వ్యవధిలో నమూనాలు తీసి పరీక్షించాలి. డిటొనేటర్లను ఇతర పేలుడు పదార్థాలతో ఒకే గదిలో పెట్టకూడదు. ఏ రకాన్ని ఏ రకం పక్కన ఉంచవచ్చో, రెండు కట్టడాల మధ్య ఎంత దూరం ఉండాలో కచ్చితమైన నిబంధనలున్నాయి. ఒక్క లాట్‌లో లోపం కనిపిస్తే దేశమంతటా అదే లాట్ ఎక్కడుందో వెతికి వాడకం ఆపించాలి. 2016 మే 30 అర్ధరాత్రి దాటాక మహారాష్ట్రలోని పుల్గావ్ కేంద్ర మందుగుండు డిపోలో చెలరేగిన మంటల్లో ఇద్దరు అధికారులతో పాటు పలువురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. డిపోల్లో అగ్నిమాపక సిబ్బంది కొరతను ఆ తర్వాతి ఏడాది కాగ్ మళ్లీ ప్రస్తావించింది. అరకొర సిబ్బందితో, అరకొర తర్ఫీదుతో నడపదగిన చోటు కాదది.

ఇలాంటి పనులకు 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం నాలుగేళ్ల మనుషులను ఇస్తోంది. అంతకుముందు సిపాయి కనీసం పదిహేనేళ్లు కొలువులో ఉండేవాడు. ఈ పథకంలో చేరే అగ్నివీరుడికి నాలుగేళ్లలోనే శిక్షణ కూడా కలిసి ఉంది. సైన్యంలో అది సుమారు 31 వారాలు. ఏటా 30 రోజుల సెలవు తీసేస్తే యూనిట్‌లో పనికి మిగిలేది మూడేళ్లు. అందులో తొలి ఏడాది నేర్చుకోవడానికే సరిపోతుంది. స్వతంత్రంగా పని చేయగలిగే దశకు చేరేసరికి ఇంటికి వెళ్లే తేదీ దగ్గరపడుతుంది. చివరికి నూటికి 25 మందినే కొనసాగిస్తారు. పదాతి దళంలో యువరక్తం అవసరమన్న వాదనకు కొంత బలం ఉంది. రాడార్ సర్క్యూట్ చూసే మెకానిక్‌కూ, మందుగుండు లెక్కలు చూసే స్టోర్ కీపర్‌కూ అదే కొలత పెట్టడంలో తర్కం లేదు. అక్కడ విలువ వయసుకు కాదు, అనుభవానికి.

ఈ పథకాన్ని సమర్థించేవారి వాదనలు తీసిపారేయదగినవి కావు. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్ల రూపాయల్లో 1.60 లక్షల కోట్లు పింఛన్లకే కేటాయించారు. ఆ భారం తగ్గాలన్నది నిజం. కానీ పాక్షిక నైపుణ్యానికీ ఖర్చుంది. సరిగా పరీక్షించని లాట్, తప్పుగా బిగించిన గేర్‌బాక్స్, గడువు దాటిన రబ్బరు సీళ్ల నష్టం పింఛను పద్దులో కనిపించదు. ప్రతి నాలుగేళ్లకూ కొత్తవారిని మొదటి నుంచి తయారుచేసే ఖర్చు కూడా అందులో చేరదు. కంప్యూటర్లు, యంత్రాలు వస్తే ఇంతమంది అక్కర్లేదన్నది రెండో వాదన. యంత్రాలు మోతపని తగ్గిస్తాయి, వాటిని నడిపేవారి చదువు స్థాయిని పెంచుతాయి. మరమ్మతులు ప్రైవేటుకు అప్పగించవచ్చన్నది మూడోది. మైదానంలోని బేస్ వర్క్‌షాపుల వరకు అది కొంత సాధ్యమే. వాస్తవాధీన రేఖ దగ్గర నిలిచిపోయిన బండిని బాగుచేయడానికి కాంట్రాక్టరు పనివాడు రాడు.

కొలువు కాలం ఒక లోపమైతే, రెండో లోపం మూడు దళాల మధ్య ఉంది. నౌకాదళం తన సామగ్రి లెక్కలకు ఐఎల్ఎంఎస్, వాయుసేన ఐఎమ్ఎమ్‌ఓఎల్ఎస్ వ్యవస్థలను వాడుతున్నాయి. సైన్యం ఆర్డ్‌నెన్స్ డిపోలకు వేరే కంప్యూటర్ ప్రాజెక్టు ఉంది. ఒక దళంలో ఆరితేరిన స్టోర్ కీపర్‌కు మరో దళం తెర అర్థం కాదు. ప్రధాన రక్షణాధిపతి (సీడీఎస్) పదవిని సృష్టించినప్పుడు సరఫరా, రవాణా, శిక్షణ, మరమ్మతుల్లో మూడేళ్లలో మూడు దళాలను కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టింది. తొలి సీడీఎస్ జనరల్ బిపిన్ రావత్ 2021 ఏప్రిల్ 1న ముంబయిలో ఉమ్మడి లాజిస్టిక్స్ కేంద్రాన్ని ప్రారంభించారు. గువాహటీ, పోర్ట్ బ్లెయిర్‌లలోనూ అలాంటివి వెలిశాయి. అదే ఏడాది డిసెంబరులో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించాక ఆ పదవి తొమ్మిది నెలలకు పైగా ఖాళీగా ఉండిపోయింది. గోదాములు కలిశాయి కానీ వాటిలో పనిచేసేవారి పాఠాలు కలవలేదు. చైనా 2016లోనే వూహాన్ కేంద్రంగా సంయుక్త లాజిస్టిక్స్ దళాన్ని నెలకొల్పింది. అమెరికా సైన్యం సరఫరా, ఆర్డ్‌నెన్స్, రవాణా పాఠశాలలను వర్జీనియాలోని ఫోర్ట్ లీలో ఒకేచోటికి తెచ్చింది. ఏళ్ల తరబడి ఒకే విద్యలో కొనసాగే వారంట్ ఆఫీసర్లను సాంకేతిక నిపుణులుగా నిలుపుకొంది.

ఒకేచోట నేర్పే సదుపాయం భారత్‌కు కొత్తగా కట్టుకోవాల్సిన అవసరం లేదు. ఏఓసీ సెంటర్, మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఈఎంఈ, ఒకటో ఈఎంఈ సెంటర్, మూడు దళాల అధికారులకు నిర్వహణ విద్య నేర్పే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ సికింద్రాబాద్ పరిసరాల్లోనే ఉన్నాయి. నిల్వ, మరమ్మతు, నిర్వహణ ఇక్కడ కూతవేటు దూరంలో వేర్వేరు ప్రహరీల వెనుక బోధిస్తున్నారు. వీటి మధ్య ఉమ్మడి పాఠ్యక్రమం, ఉమ్మడి బోధకులు, ఉమ్మడి పరీక్షలు ఏర్పాటు చేస్తే కొద్ది ఖర్చుతోనే సంయుక్త లాజిస్టిక్స్ విద్యాలయం తయారవుతుంది. బెంగళూరులోని ఏఎస్‌సీ కేంద్రం, ముంబయిలో నౌకాదళ సరఫరా శిక్షణ ఇచ్చే ఐఎన్ఎస్ హమ్లా వంటివి దానికి అనుబంధంగా పనిచేయవచ్చు.

పౌర విద్యతో ముడి కూడా గట్టిపడాలి. వడోదరలోని గతిశక్తి విశ్వవిద్యాలయంతో సైన్యం, వాయుసేన 2024 సెప్టెంబరులో ఒప్పందం చేసుకున్నాయి. అగ్నివీరుల సైనిక శిక్షణను డిగ్రీ క్రెడిట్లుగా లెక్కించేందుకు ఇగ్నో ముందుకొచ్చింది. రెండూ మంచి అడుగులే. అయితే నాలుగేళ్ల తర్వాత బయటికి వచ్చే స్టోర్ కీపర్‌కు కాగితం మీది క్రెడిట్లు కొలువు తెచ్చిపెట్టవు. రేవులు, గిడ్డంగులు, విమానాశ్రయ కార్గో, పెట్రోలియం టెర్మినళ్లు నేరుగా గుర్తించే ట్రేడ్ సర్టిఫికెట్ కావాలి. భారీ వాహనాల లైసెన్సు, క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అర్హత, ప్రమాదకర సరుకుల నిర్వహణ ధ్రువపత్రం సర్వీసులో ఉండగానే చేతికిచ్చి పంపాలి.

ప్రభుత్వం చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. సాంకేతిక, స్టోర్ కీపర్, మందుగుండు ట్రేడ్లకు తొలి కొలువు కనీసం ఎనిమిదేళ్లు ఉండాలి. ఆ తర్వాత కనీసం సగం మందిని కొనసాగించాలి. హవల్దార్‌గా, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ (జేసీవో)గా పదోన్నతి పొందే ప్రతి దశలోనూ కొత్త ఆయుధాల మీద, కొత్త సాఫ్ట్‌వేర్ మీద తిరిగి శిక్షణ తప్పనిసరి చేయాలి. బోధకుడిగా పనిచేసిన కాలానికి పదోన్నతిలో విలువ ఇవ్వాలి. లేకుంటే మెరికల్లాంటివారు పాఠశాలల వైపు చూడరు. డిపోల్లో ఖాళీగా ఉన్న ఫైర్‌మన్, మెటీరియల్ అసిస్టెంట్, ట్రేడ్స్‌మన్ మేట్ వంటి పౌర పోస్టులను గడువు పెట్టుకుని నింపాలి, వారికీ సైనికులతో సమానంగా తర్ఫీదు ఇవ్వాలి. మూడు దళాల సామగ్రికి ఒకే కోడ్, ఒకే లెక్కల వ్యవస్థ రావాలి. ఏ ట్రేడ్‌లో ఎందరు ఉండాలి, ఎందరున్నారు, ఎందరు పూర్తి శిక్షణ పొందారన్నది రక్షణ శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘానికి ఏటా చెప్పాలి. రహస్యం కావాల్సిన సంఖ్యలను సంఘానికే పరిమితం చేయవచ్చు. జవాబుదారీతనం మాత్రం ఉండాలి.

2022 చివర్లో, 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన తొలి అగ్నివీరులకు నాలుగేళ్లు 2026 చివరితో, 2027 తొలినాళ్లతో నిండుతాయి. వారిలో మూడొంతుల మందిని పంపేశాక వచ్చే దిద్దుబాటు ఆ జట్టు నైపుణ్యాన్ని వెనక్కి తేలేదు. అందుకే మార్పు ఆ గడువుకు ముందే అమలులోకి రావాలి, సరఫరా, మరమ్మతు ట్రేడ్లతోనే మొదలు కావాలి.