విందు అన్నం, గేదె కడుపు



క్రిస్మస్ మొదలుకొని వేసవి పెళ్ళిళ్ళ వరకు మన పల్లెల్లో విందులకు కొదవ ఉండదు. ప్రేమ విందులు, పెళ్ళి భోజనాలు, కొత్త ఇంటి కూడికలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. మూడు వందల మందికని వండిస్తాము, రెండు వందల మంది వస్తారు. మిగిలిన అన్నం పారవేయడానికి ఎవరికీ చేయి రాదు. అన్నం నేలపాలు చేయకూడదని మన పెద్దలు నేర్పినది అలాంటిది. అందుకని రాత్రికి రాత్రే గంపలకెత్తి, ఇంటి వెనుక కట్టేసిన గేదె ముందు గుమ్మరిస్తారు. మనం కడుపునిండా తిన్నాము, ఆ నోరులేని జీవం కూడా తిననీ అనుకుంటారు. గేదె కూడా ఆశగా తింటుంది. మర్నాడు మేత ముట్టదు. ఆ తర్వాత లేవదు. ఒక్కోసారి మూడో రోజుకు కొట్టం ఖాళీ అవుతుంది.

కల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో గేదె అంటే కేవలం పశువు కాదు. పిల్లల ఫీజు, ఆసుపత్రి ఖర్చు, కిరాణా బాకీ అన్నీ ఆ పాల మీదే నడుస్తాయి. అందుచేత ఈ నెల ఈ శీర్షికలో ఒక్క ప్రశ్న తీసుకుంటున్నాము. మనల్ని బ్రతికించే అన్నం గేదెను ఎందుకు చంపుతుంది?

ముందు మన కడుపు సంగతి చూద్దాము. ఒక అన్నం ముద్దను కూర లేకుండా నోట్లో పెట్టుకుని కాసేపు నమలమని పిల్లలకు చెప్పండి. కొంతసేపటికి తియ్యదనం తెలుస్తుంది. లాలాజలం అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే పని నోట్లోనే మొదలుపెడుతుందన్నమాట. అక్కడి నుండి అన్నం జీర్ణాశయంలోకి దిగుతుంది. అక్కడ ఉండేది ఘాటైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అన్నంతోపాటు లోనికి వచ్చిన సూక్ష్మజీవులలో చాలావాటికి అక్కడే ఆయుష్షు తీరుతుంది. తరువాత సుమారు ఆరు మీటర్ల పొడవున్న చిన్న ప్రేగులో అన్నం పూర్తిగా చక్కెరగా విడిపోయి రక్తంలో కలుస్తుంది. మనం అరిగించుకోలేని పీచు మాత్రం పెద్ద ప్రేగుకు చేరుతుంది. అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాచుకుని ఉంటాయి. మిగిలినదే వాటి భోజనం.

కడుపులో జరిగేది ఎవరు చూసారని కొందరు అడుగుతారు. చూసినవారున్నారు. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకునికి పొరపాటున పేలిన తుపాకి దెబ్బ తగిలింది. గాయం మానింది గాని కడుపుకు ఒక రంధ్రం మిగిలిపోయింది. అతనికి చికిత్స చేసిన విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు మాంసం ముక్కలకు, రొట్టె ముక్కలకు పట్టుదారం కట్టి ఆ రంధ్రం గుండా లోనికి వదిలి, కొంతసేపటికొకసారి బయటకు లాగి ఎంతవరకు అరిగాయో చూసేవాడు. 1833లో ఆ వివరాలన్నీ పుస్తకంగా వేసాడు. పాపం ఆ యువకుడు ఎంత విసిగిపోయి ఉంటాడో!

ఇక గేదె కడుపు. దీనికి మన ఇంటి ఆడవారే మంచి సాక్షులు. మేక బోటీ శుభ్రం చేసినప్పుడు ఒక ముక్క టర్కీ టవలులాగా గరుకుగా ఉంటుంది. ఇంకొకటి తేనెపట్టులాగా గళ్ళుగళ్ళుగా ఉంటుంది. మరొకటి పుస్తకంలోని కాగితాలలాగా పొరలుపొరలుగా ఉంటుంది. నాలుగవది నున్నగా ఉంటుంది. ఇవే నెమరువేసే జంతువుల నాలుగు అరలు. ఆవుకూ, గేదెకూ, గొర్రెకూ, కిన్నెరసాని అడవుల్లో తిరిగే దుప్పికీ అడవి దున్నకూ ఇదే ఏర్పాటు. మన జీర్ణాశయంలాగా ఆమ్లం ఊరేది ఆ నాలుగవ అరలో మాత్రమే. మొదటిదైన టవలు అర అన్నిటికంటె పెద్దది. పెద్ద ఆవులో అది వంద లీటర్లకు పైగా పడుతుంది. ఎడమ ప్రక్క డొక్క నిండా ఉండేది అదే.

ఈ పెద్ద పొట్టలో ఆమ్లం ఊరదు. అది ఒక పులియబెట్టే కాగు. అందులోని రసం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్ల వరకు సూక్ష్మజీవులు ఉంటాయి. వాటికి గాలి తగిలితే బ్రతకవు. అందుకే వాటిని బయట పెంచడం చాలాకాలం శాస్త్రజ్ఞులకు సాధ్యపడలేదు. ఆ పద్ధతి కనిపెట్టిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ 1966లో వీటిమీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. గేదె తిన్న వరిగడ్డిని అరిగించేది గేదె కాదు, ఈ జీవులే. గడ్డిలోని పీచును విడగొట్టే శక్తి మనకు లేనట్టే గేదెకూ లేదు. ఇవి ఆ పీచును పులియబెట్టి కొన్ని తేలికపాటి ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాలు పొట్ట గోడల గుండా రక్తంలోకి పోయి గేదెకు బలమిస్తాయి. ఆ తరువాత ఆ సూక్ష్మజీవులే రసంతోపాటు నాలుగవ అరలోకి కొట్టుకుపోయి, అక్కడి ఆమ్లంలో చచ్చి, గేదెకు మాంసకృత్తులుగా పనికివస్తాయి.

విందు భాషలో చెప్పాలంటే, మన కడుపులో సూక్ష్మజీవులు చివరి పంక్తిలో కూర్చుంటాయి. గేదె కడుపులో మొదటి పంక్తి వాటిదే. గేదెకు మేత వేస్తున్నామని మనం అనుకుంటాము. నిజానికి మనం మేపేది వాటిని.

నెమరు కూడా ఈ పనిలో భాగమే. తొందరగా మింగిన గడ్డిని పశువు తీరికగా నోట్లోకి తెచ్చుకుని మళ్ళీ నములుతుంది. రోజులో ఆరేడు గంటలు దానికే పోతుంది. ఆ నమలడంలో ఊరే లాలాజలం ఒక పెద్ద ఆవులో రోజుకు వంద లీటర్లకు పైనే. ఆ లాలాజలంలో సోడా ఉంటుంది. పొట్టలో పులుపు మితిమీరకుండా కాపాడేది అదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

లేవీయకాండము 11వ అధ్యాయం చదివినవారికి నెమరు, డెక్కల చీలిక రెండూ జ్ఞాపకం ఉంటాయి. ఆ భోజన నియమాల అర్థం చెప్పడం ఈ శీర్షిక పని కాదు. అయితే అక్కడ పంది విషయంలో డెక్క చీలి ఉన్నా నెమరు వేయదని వేరుగా చెప్పడం గమనించండి. పశువులను దగ్గరనుండి చూసిన ప్రజలకే తెలిసే తేడా అది. పంది కడుపు మన కడుపువంటిదే, ఒకే అర. అందుకే విందు మిగులు తిన్నా పంది గేదెలాగా పడిపోదు. కుందేలుకు నాలుగు అరలు లేవు. కాని అది తన మెత్తటి పెంటికలను తానే తిరిగి తింటుంది. దాని ఆహారం కూడా ఆ విధంగా రెండుసార్లు ప్రయాణం చేస్తుంది. పిల్లలకు ఇది చెబితే ముక్కు మూసుకుంటారు గాని మరచిపోరు.

ఇప్పుడు ఆ గంపెడు అన్నం దగ్గరకు వద్దాము. గడ్డి తిని నిదానంగా పనిచేసే సూక్ష్మజీవుల మధ్య ఒక్కసారిగా మెత్తగా ఉడికిన పిండిపదార్థం వచ్చిపడుతుంది. గడ్డిని అరిగించే జీవులకు అది పనికిరాదు. పిండిని ఇష్టపడే మరొక జాతి గంటల్లోనే విపరీతంగా పెరిగిపోయి, పెరుగును పులిపించే లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. అన్నానికి నమలవలసిన పని ఉండదు కనుక నెమరు తగ్గుతుంది. నెమరు తగ్గితే సోడా ఉన్న లాలాజలం తగ్గుతుంది. పులుపును విరిచే దిక్కు ఉండదు. గడ్డిని అరిగించే జీవులు ఆ పులుపులో చచ్చిపోతాయి. చిక్కటి ఆ పులుసు ఒంటిలోని నీటిని రక్తంలోనుండి పొట్టలోకి లాగేసుకుంటుంది. బయటకు పొట్ట నిండుగా కనబడుతుంది, లోపల పశువు దాహంతో ఎండిపోతుంది.

ఎక్కువగా పన్నెండు గంటలనుండి ఒకటిన్నర రోజు లోపల గుర్తులు కనబడతాయి. మేత మానేస్తుంది. నెమరు ఆగిపోతుంది. పేడ నీళ్ళగా, పుల్లటి వాసనతో పడుతుంది. కళ్ళు లోతుకు పోతాయి. నడిస్తే తూలుతుంది. చివరకు మెడ ప్రక్కకు వాల్చి పడుకుండిపోతుంది. దిష్టి తగిలిందని, పాము కరిచిందని మంత్రగాళ్ళకోసం పరుగెత్తే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ పరుగులో పోయేది గేదె ప్రాణమే.

అన్నం ఎక్కువగా తిన్నదని తెలియగానే గుర్తులకోసం కాచుకోకుండా పశువైద్యునికి కబురు చేయండి. ఎంత తిన్నది, ఏ వేళ తిన్నది దాచకుండా చెప్పండి. ఆయన సోడా మందు ఇవ్వవచ్చు, సెలైను ఎక్కించవచ్చు. పరిస్థితి విషమిస్తే ఎడమ డొక్క కోసి అన్నాన్ని చేతితో తోడివేసే ఆపరేషను కూడా ఉంది. మీ అంతట మీరు మాత్రం నీరసంగా ఉన్న పశువు నోట్లో వెదురు గొట్టంతో నూనె, గంజి, కషాయం పోయవద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో ప్రమాదం తెచ్చిపెట్టినవారవుతారు. ముఖ్యంగా నీరసపడిందని మళ్ళీ జావ తాగించవద్దు.

ఆరోగ్యంగా ఉన్న పశువు పొట్ట ఎలా కదులుతుందో ఇంట్లో అందరూ తెలుసుకొని ఉండడం మంచిది. ఎడమ డొక్కలో పిడికిలి గట్టిగా ఆనించి ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపలనుండి చేతిని నెట్టినట్టు తెలుస్తుంది. ఆ కదలిక ఆగిందంటే లోపల పని ఆగినట్టే.

"రోజూ కుడితిలో అన్నం పడుతూనే ఉంది గదా, దానికేమీ కాలేదే" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. రోజూ కాస్త కాస్త పడేదానికి కడుపులోని జీవులు అలవాటు పడతాయి. కుడితిలోని నాలుగు పిడికిళ్ళ అన్నానికి, తవుడుకు భయం లేదు. అలవాటు లేని గంపెడు అన్నంతోనే చిక్కు. దాణా మార్చదలిస్తే పది పదిహేను రోజుల్లో నెమ్మదిగా మార్చమని పశువైద్యులు చెప్పేదీ ఇందుకే. ఇదే ప్రమాదం మొక్కజొన్న గింజలకూ ఉంది. మన ఖమ్మం జిల్లాలో కోతల తర్వాత రోడ్ల వెంట, కళ్ళాల్లో ఎండబోసిన మొక్కజొన్న రాసులను తెల్లవారుజామున తాడు తెంచుకున్న పశువు ఎంత తిన్నదో ఎవరూ చూడరు.

సూక్ష్మజీవులు మొదటి పంక్తిలో ఉండడంవల్ల వచ్చే మరొక చిక్కు జొన్న చేలో ఉంది. లేత జొన్నపైరు, వానలు లేక వాడిన పైరు, కోసిన తర్వాత వచ్చే పిలకలు తిన్న పశువు నిమిషాల్లో కూలిపోవడం రైతులకు తెలుసు. దీనినే నాము అంటారు. ఆ ఆకుల్లో ఒక విషం కట్టుబడి ఉంటుంది. పెద్ద పొట్టలోని జీవులు ఆ కట్టు త్వరగా విప్పుతాయి. అప్పుడు సైనైడు విడుదలవుతుంది. ఒకే అర ఉన్న జంతువులకంటె నెమరువేసే పశువులకు ఈ ముప్పు ఎక్కువ కావడానికి కారణం అదే. జొన్న పూత దశ దాటేవరకు పశువును చేలోకి వదలకండి. కోసి బాగా ఎండబెట్టిన చొప్పలో విషం తగ్గుతుంది. నాముకు ఇంజెక్షను ఉంది గాని, అది అందేసరికి ఎక్కువ సమయం ఉండదు.

పుట్టిన దూడ సంగతి దీనికి పూర్తిగా వేరు. దానికి నాలుగు అరలున్నా పెద్ద పొట్ట ఇంకా పని మొదలుపెట్టదు. దూడ చీకేటప్పుడు లోపల ఒక గాడి గొట్టంలాగా ముడుచుకుని పాలను నేరుగా నాలుగవ అరలోకి పంపుతుంది. మన పల్లెల్లో మాయ పడేదాకా దూడకు జున్నుపాలు తాగనివ్వని ఆచారం ఉంది. మేము ఇది ఒప్పుకోలేము. మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే రోగనిరోధక శక్తి కొంత అందుతుంది. గేదె దూడకు ఆ విధంగా అందదు. దానికి వచ్చేదంతా జున్నుపాలలోనే వస్తుంది. ఆ శక్తిని యథాతథంగా రక్తంలోకి రానిచ్చే తలుపు దూడ ప్రేగుల్లో సుమారు ఒక్క రోజులో మూసుకుపోతుంది. కాబట్టి పుట్టిన గంట రెండు గంటల్లోనే తాగించాలి. దూడ చీకితే మాయ పడడానికి కూడా సాయమే. మన ఇళ్ళలో బాలింతల మురిపాలు పిండి పారబోయించే అత్తలూ అమ్మమ్మలూ ఉంటే వారికీ ఈ మాట చదివి వినిపించండి. బిడ్డ ప్రేగులకు అవే మొదటి కాపలా.

మళ్ళీ విందు మిగులు. వంటవారితో మాట్లాడేటప్పుడే రెండు విడతలుగా వండమని చెబితే, వచ్చినవారిని చూసి రెండో గుండిగె ఎక్కించవచ్చు. అయినా మిగిలితే ఆ సాయంత్రమే, పాడుకాకముందే ఇంటింటికి పంచండి. మర్నాటికి మిగిలినది కోళ్ళకు కాస్త వేయండి. మిగతాది పెంటగుంటలో పోసి పైన జానెడు మన్ను కప్పండి, మన గేదె తినకపోయినా వీధి పశువులు వచ్చి తింటాయి. విస్తళ్ళతోపాటు పడే ప్లాస్టిక్ సంచులను ముందే ఏరివేయండి. పశువు పెదవులతో ఏరుకుని తినదు, నాలుకతో చుట్టి మింగుతుంది. ఆ సంచులు పెద్ద పొట్టలోనే ఏళ్ళతరబడి ఉండిపోతాయి. షామియానా కట్టినచోట పడిన మేకులు, తీగముక్కలు కూడా ఏరండి. అవి తేనెపట్టు అరలో చిక్కుకుంటాయి. దానికి ముందు ఉన్నది గుండె.