ఏమీ కాలేదు కాబట్టి బోగస్సేనా?

మొన్నామధ్య ఒక శనివారం మా ఇంట్లో పాట్‌లక్. గుత్తివంకాయ, పులిహోర, బిర్యానీ అన్నీ అయ్యాక వెనక డెక్ మీద కుర్చీలేసుకుని కూర్చుంటే మాట కంప్యూటర్ల మీదికి మళ్ళింది. మళ్ళక ఏం చేస్తుంది, కూర్చున్న ఎనిమిది మందిలో ఏడుగురు సాఫ్ట్‌వేరే! ఎనిమిదో ఆయన రియల్ ఎస్టేటు, ఆయనా ఒకప్పుడు సాఫ్ట్‌వేరే.

కొత్తగా ఎమ్మెస్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన కుర్రాడొకడు ఈనియాక్‌తో మొదలుపెట్టాడు. 1946, దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు, 30 టన్నుల బరువు, ఇప్పుడు చూడండి జేబులో ఫోను... ఈ కథ మీరూ వినే ఉంటారు. మధ్యలో వైటూకే దగ్గరికొచ్చేసరికి నవ్వేసి, "అదంతా బోగస్ అట కదా అంకుల్! కన్సల్టెన్సీలు డబ్బులు గుంజడానికి చేసిన గోల. తీరా జనవరి ఒకటిన ఏమీ కాలేదు" అన్నాడు.

అన్నది మా మామయ్యతో.

మామయ్య ఏమీ మాట్లాడలేదు. "పెరుగన్నం ఇంకా ఉందేమో చూస్తా" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ కుర్రాడి తప్పేం లేదు. నిజం చెప్పాలంటే ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నాను, మామయ్య ముందే.

మామయ్య ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు. 1997లో ఆ ఉద్యోగం వదిలేసి, అమీర్‌పేటలో ఒక గదిలో ఇంకో నలుగురితో కలిసి ఉంటూ కోబాల్, జేసీఎల్, డీబీటూ నేర్చుకున్నాడు. 1998 చివర్లో న్యూజెర్సీలో దిగాడు. అమెరికా ఏడాదికిచ్చే హెచ్‌వన్‌బీ వీసాలను 65,000 నుంచి 1,15,000కి పెంచుతూ చట్టం చేసింది ఆ ఏడాదే. హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచిందీ ఆ నవంబరులోనే. నేనప్పుడు ఐదో తరగతి. మామయ్య పంపిన డబ్బుతోనే మా అమ్మ నన్ను హాస్టల్లో వేసి చదివించింది. కాబట్టి ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కానని ముందే ఒప్పేసుకుంటున్నాను :)

సరే, అసలు సంగతికొద్దాం. ఏడాదిని రెండంకెల్లో రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళా?

కంప్యూటర్ల కంటే ముందు కార్డులున్నాయి. ఐబీఎం 1928లో తెచ్చిన అట్ట కార్డుకి 80 నిలువు వరసలు. ఒక్కో వరసలో ఒక్కో అక్షరం. ఖాతా నంబరు, పేరు, చిరునామా, పుట్టిన తేదీ, చేరిన తేదీ, గడువు తేదీ అన్నీ ఆ 80లోనే ఇమడాలి. మూడు తేదీల్లోనూ '19' తీసేస్తే ఆరు వరసలు మిగులుతాయి. లక్షల కార్డులున్న ఇన్సూరెన్సు కంపెనీకి అది చిన్న పొదుపేమీ కాదు.

1964 ఏప్రిల్‌లో ఐబీఎం సిస్టమ్/360 ప్రకటించింది. అందులో మోడల్ 30 కనీస మెమరీ 8కె బైట్లు, అంటే 8,192. ఇప్పుడు మనం వాడే యూనికోడు పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడుతుంది. మీరు చదువుతున్న ఈ టపాలో సగం కూడా ఆ మెషీన్లో పట్టదు. అలాంటి మెషీన్ల మీద జీతాలూ, ప్రీమియంలూ, బ్యాంకు ఖాతాలూ నడిపారు. దారానికి పూసలు గుచ్చినట్టు సన్నటి తీగల మీద అయస్కాంతపు రింగులు గుచ్చి ఆ మెమరీ తయారు చేసేవారు. ఒక్కో రింగు ఒక్కో బిట్టు. అక్కడ రెండు బైట్లు మిగల్చడం పిసినారితనం కాదండీ, ఇంజనీరింగు.

కోబాల్ కథా ఆ రోజులదే. కంపెనీ మారితే ప్రోగ్రాములన్నీ తిరగరాయకూడదని 1959 మేలో పెంటగాన్‌లో సమావేశమయ్యారు. గ్రేస్ హాపర్ చేసిన ఫ్లో-మాటిక్ దానికి పెద్ద ఆధారం. మెషీను పోయినా ప్రోగ్రాము బతకాలన్నది వాళ్ళ కోరిక. ఆ కోరిక మరీ బాగా తీరింది! మెషీన్లు మారాయి, మెమరీ లక్షల రెట్లు పెరిగింది, రెండంకెల ఏడాది మాత్రం అలాగే ఉండిపోయింది. బాబ్ బీమర్ అనే ప్రోగ్రామరు 1971లోనే దీని మీద హెచ్చరిస్తూ రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2000 అప్పటికి చాలా దూరం కదా.

నా లెక్కలో తప్పంతా ఇక్కడుంది. 1964లో రెండంకెలు రాయడం సబబే. 1980ల్లో మెమరీ చవకయ్యాక కూడా దాన్ని కదపకపోవడం తప్పు. "అప్పటికి ఈ సిస్టమే ఉండదులే" అని అందరూ అనుకున్నారు.

ఏమీ కాలేదన్న మాటకొద్దాం. ఏమీ కాలేదా? న్యూయార్క్ రాష్ట్రంలో ఒక వీడియో కొట్టు, క్యాసెట్టు నూరేళ్ళు ఆలస్యంగా తెచ్చావని ఒకాయనకు 91,250 డాలర్ల బిల్లు వేసింది. ఇది నవ్వుకునే సంగతి. అమెరికా నిఘా ఉపగ్రహాల సమాచారం విశ్లేషించే వ్యవస్థ కొన్నాళ్ళు మూలపడింది. ఇంగ్లండులో షెఫీల్డ్ కేంద్రంగా జరిగిన పరీక్షల్లో తల్లుల వయసు తప్పుగా లెక్కకట్టి, 154 మంది గర్భిణులకు డౌన్ సిండ్రోమ్ రిస్కు తప్పుగా చెప్పారు. ఇది నవ్వుకునే సంగతి కాదు. ఒక్క లెక్క సరిచెయ్యకుండా మిగిలిపోతే అంత జరిగింది. సరిచేసినవి మనకు కనపడవు, వార్తల్లోకి రావు.

ఎదుటివాళ్ళ వాదన కూడా చెప్పాలి. పెద్దగా ఖర్చుపెట్టని దేశాల్లో కూడా కొంపలేమీ మునగలేదు కదా అంటారు. నిజమే. కానీ వాళ్ళకి అమెరికాలో లాగా ముప్పై ఏళ్ళ కోబాల్ గుట్టలు లేవు. పైగా కొనుక్కున్న సాఫ్ట్‌వేరును అమ్మినవాళ్ళే సరిచేసి పంపారు. విమానాలు రాలిపోతాయని భయపెట్టి సొమ్ము చేసుకున్నవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. అయితే దొంగ డాక్టర్లున్నారని జబ్బే అబద్ధమంటామా?

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, ఈ మధ్య నేను చేస్తున్న ప్రాజెక్టు వల్ల. ఒక ఇన్సూరెన్సు కంపెనీ పాత మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములను క్లౌడుకి మార్చే పని. ఒక రాత్రి కోబాల్ చదువుతుంటే తేదీలు సరిచేసే చిన్న రూటీను కనపడింది. ఏడాది అంకె 30 కన్నా తక్కువైతే ముందు 20 పెట్టు, లేకపోతే 19 పెట్టు. పైన కామెంటులో తేదీ 1999 మార్చి. అంటే, 2029లో ఏడాది ప్రీమియం కట్టిన మనిషికి తరవాతి గడువు 2030 అని పడాల్సింది 1930 అని పడుతుంది. నూరేళ్ళుగా ప్రీమియం కట్టలేదని పాలసీ రద్దవుతుంది.

ఆ రూటీనును ఉన్నదున్నట్టుగా కొత్త భాషలోకి మార్చడమే మా ఒప్పందం.

మామయ్యకి ఫోన్ చేశాను. "మామయ్యా, నువ్వూ ఇలాగే చేశావా?"

నవ్వాడు. "చేశాం రా. రెండంకెల్ని నాలుగు చేస్తే ఫైలు పొడవు మారుతుంది. దాన్ని చదివే ప్రతి ప్రోగ్రామూ మార్చాలి. తొమ్మిది నెలల్లో ఎక్కడవుతుంది? ఇది తాత్కాలికమేనని పైవాళ్ళకి రాసిచ్చాం కూడా. ముప్పై ఏళ్ళకి ఈ సిస్టమే ఉండదులే అనుకున్నాం."

మళ్ళీ అదే మాట!

"తరవాత వచ్చి సరిచేద్దామనుకున్నాం గానీ, 2000 దాటాక మమ్మల్ని ఉంచితే కదా" అన్నాడు. ఆ ఏడాది వేసవిలో మామయ్య ఉద్యోగం పోయింది. ఐదు నెలలు గెస్ట్‌హౌసులో కూర్చుని జావా నేర్చుకున్నాడు. ఇంటికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. మా హాస్టలు ఫీజు ఆ ఐదు నెలలూ ఎలా వచ్చిందో నాకు ఆ రోజే తెలిసింది. అప్పు చేశాడట.

మర్నాడు మేనేజరుతో మాట్లాడాను. "అది మన స్కోపులో లేదు, 2030కి ఇక్కడెవరుంటారు" అన్నాడు. కాంట్రాక్టు పొడిగింపు నెల రోజుల్లో ఉంది. నోరు మూసుకుంటే సరిపోయేది. రెండు రోజులు అలాగే మూసుకున్నాను కూడా. మూడో రోజు లెక్కంతా రాసి, ఏ ప్రోగ్రాము ఏ నెల నుంచి తప్పుతుందో పట్టిక వేసి, కంపెనీవాళ్ళకీ కాపీ పెట్టి మెయిలు పంపాను. "రెండో విడతలో చూద్దాం" అని జవాబొచ్చింది. ఆ రెండో విడత వస్తుందో లేదో, అప్పటికి నేనుంటానో లేదో. రాతపూర్వకంగా మాత్రం ఉంది.

కంప్యూటర్ల చరిత్ర అంటే పెద్ద మెషీను చిన్నదైన కథ ఒక్కటే కాదని నా అభిప్రాయం. తీసేస్తాంలే అనుకుని తీయకుండా వదిలేసినవాటి కథ కూడా. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19న నిండిపోతాయి. దానికీ ఇప్పట్నుంచే "అప్పటికి ఉండవులే" అంటున్నవాళ్ళున్నారు.

మీలో చాలామంది ఇలాంటి కోడు మధ్యే బతుకుతున్నారని తెలుసు. ఈ వారం ఒక గంట కేటాయించి వెతకండి, తేదీల రూటీనులో 30, 40, 50 లాంటి ఒంటరి అంకె ఏదైనా ఉందేమో. కనపడితే మెయిలు పెట్టండి. మీరు సరిచేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కాబట్టి అంతా బోగస్ అని పాతికేళ్ళ తరవాత ఏదో పాట్‌లక్‌లో ఎవరో ఒక కుర్రాడు అంటాడు. అననివ్వండి. పెరుగన్నం పెట్టుకుని తినండి.